తేలిక రివాల్వర్, గట్టి తన్ను

మఫ్టీలో తిరిగే పోలీసుకు రివాల్వర్ కాల్చాల్సిన రోజులు అరుదు, మోయాల్సిన రోజులు అన్నీ. 1927లో అమెరికాలో కోల్ట్ కంపెనీ అమ్మకానికి పెట్టిన డిటెక్టివ్ స్పెషల్ ఈ అవసరానికే పుట్టింది. రెండంగుళాల గొట్టం, ఆరు తూటాలు, ఉక్కు ఒళ్లు, సుమారు 600 గ్రాముల బరువు. 1950లో స్మిత్ అండ్ వెస్సన్ ఒక తూటా తగ్గించి సిలిండర్‌ను సన్నం చేసింది. ఆ రివాల్వర్‌ను కొలరాడో స్ప్రింగ్స్‌లో పోలీసు అధిపతుల సదస్సులో చూపించి, 'చీఫ్స్ స్పెషల్' అని పేరు పెట్టింది.

ఇక తగ్గించాల్సింది లోహం బరువే. అదే ఏడాది కోల్ట్ అల్యూమినియం ఫ్రేముతో తెచ్చిన కోబ్రా 425 గ్రాములకు దిగింది. విమాన సిబ్బందికి ఇంకా తేలికైనది కావాలని అమెరికా వైమానిక దళం అడగడంతో సిలిండర్‌నూ అల్యూమినియంతోనే చేశారు. అక్కడే దెబ్బతిన్నారు. మందు పేలేది సిలిండర్‌లోనే. ఆ క్షణాన లోపలి పీడనం వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు దాటుతుంది. తక్కువ శక్తి తూటాలు ఇచ్చినా సిలిండర్లు పగిలాయి. 1959లో ఆ రివాల్వర్లను వెనక్కి తీసుకుని చాలావాటిని ధ్వంసం చేశారు. అప్పటికే పౌరులకు అమ్మే వాటిలో ఫ్రేము అల్యూమినియం, సిలిండర్ ఉక్కు అన్న పద్ధతి స్థిరపడింది.

శతాబ్దం మారే వేళకు టైటానియం సిలిండర్లు, స్కాండియం కలిపిన అల్యూమినియం ఫ్రేములు వచ్చాయి. స్కాండియం కలిపేది చిటికెడే, దానికే అల్యూమినియం బలం బాగా పెరుగుతుంది. బరువు 340 గ్రాముల దాకా పడిపోయింది. కానీ న్యూటన్ మూడో సూత్రం మారలేదు. ముందుకు దూసుకెళ్లే గుండుకూ వాయువులకూ ఎంత ద్రవ్యవేగం ఉంటుందో, రివాల్వర్‌కు వెనక్కి అంతే వస్తుంది. తుపాకీ బరువు సగమైతే వెనక్కి తన్నే వేగం రెట్టింపవుతుంది, అరచేయి భరించాల్సిన శక్తీ రెట్టింపే. ఆ కుదుపుకు సిలిండర్‌లో మిగిలిన తూటాల గుళ్లు తొడుగుల్లోంచి ముందుకు జారి, సిలిండర్ తిరగకుండా అడ్డుపడే ప్రమాదమూ ఉంది. ఇక టైటానియం సిలిండర్ త్వరగా అరిగిపోకుండా, 120 గ్రెయిన్ల కంటే తేలికైన గుళ్లు వాడవద్దన్న హెచ్చరికను కొన్నిటి గొట్టం మీదే చెక్కారు.

అయినా మోజు ఎందుకు? జేబులో ఉన్నట్టే తెలియదు. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కడమే, తర్వాతి తూటా ఎదురుకొస్తుంది. 1952లో స్మిత్ అండ్ వెస్సన్ తెచ్చిన సెంటెన్నియల్‌లో సుత్తి ఫ్రేము లోపలే దాగి ఉంటుంది కాబట్టి తీసేటప్పుడు బట్టకు చిక్కుకోదు.

మన దేశంలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో మహిళల ఆత్మరక్షణ కోసమంటూ టైటానియం మిశ్రమలోహంతో 'నిర్భీక్' తెచ్చింది. బరువు అరకిలో, అప్పటి ధర లక్షా ఇరవై వేల రూపాయల పైచిలుకు. పౌరులకు అనుమతి ఉన్న .32 తూటా దీనిది. గుండు తేలిక కాబట్టి తన్నూ తక్కువ, తగిలే శక్తీ తక్కువ. తూటా బలం తగ్గించకుండా తుపాకీ బరువు ఒక్కటే తగ్గిస్తే, ఆ మిగులు మోసేటప్పుడు నడుముకు, కాల్చేటప్పుడు నష్టం మణికట్టుకు.