ఆకలిని చంపే మాత్రలు

ఆకలి ఎక్కడ వేస్తుందని అడిగితే చిన్న పిల్లవాడు కూడా కడుపు మీద చెయ్యి వేసి చూపిస్తాడు. మన భాష కూడా అదే చెబుతుంది. కడుపు కాలడం, కడుపు మాడ్చుకోవడం, కడుపులో ఎలకలు పరుగెత్తడం! కాని జబ్బు చేసి జీర్ణాశయం మొత్తం తీసేసిన రోగులకు కూడా ఆకలి తెలుస్తుందట. కడుపు లేకపోయినా ఆకలి ఉందంటే దాని అసలు కాపురం వేరేచోట అన్నమాట. ఆ చోటు మెదడు.

సన్నబడడానికని వాడే మాత్రల్లో ఉత్తేజక మందుల జాతి ఒకటి ఉంది. అవి పనిచేసేది కడుపు మీద కాదు, మెదడులోని రసాయనాల మీద. అక్కడ అవి ఏం చేస్తాయి, ఆకలి ఒక్కదాన్నే తగ్గించి ఎందుకు ఊరుకోలేవు అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. నేను బి.ఎస్సీ. మూడో సంవత్సరం విద్యార్థినిని, డాక్టర్ని కాను. కాబట్టి ఏ మాత్ర వేసుకోవాలి అన్న ప్రశ్న నన్ను అడగవద్దని మనవి!

మెదడు అడుగుభాగంలో బాదంగింజంత ప్రమాణంలో హైపోథాలమస్ అనే భాగం ఉంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అధోపర్యంకం అంటారు. 1940లో అమెరికాలో హెథరింగ్టన్, రాన్సన్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల్లో దీని మధ్యభాగాన్ని దెబ్బతీస్తే అవి విపరీతంగా లావెక్కాయి. 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో బ్రోబెక్‌తో కలిసి పనిచేస్తున్న మన భారతీయుడు బాలకృష్ణ ఆనంద్ గారు దానికి రెండు పక్కలా ఉన్న భాగాన్ని దెబ్బతీసి చూశారు. ఆ ఎలుకలు తిండి మానేశాయి. మూతి ముందు మేత పెట్టినా ముట్టలేదు. ఈ ఆనంద్ గారే తరవాత ఢిల్లీలోని ఎయిమ్స్‌లో శరీరధర్మశాస్త్ర శాఖను తీర్చిదిద్దారు. నేను చదివిన పుస్తకంలో ప్రయోగం ఉంది గాని ఆయన పేరు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కథ అక్కడితో ముగియలేదు. 1971లో స్వీడన్‌కు చెందిన ఉంగర్‌స్టెట్ హైపోథాలమస్‌ను ముట్టుకోకుండా, దాని పక్కనుంచి పోయే డోపమీన్ నాడీతంతువులను మాత్రం ఒక రసాయనంతో నాశనం చేశాడు. అప్పుడూ ఎలుకలు తిండి మానేశాయి. అంటే ఆనంద్ గారి ప్రయోగంలో పాడైంది ఆ చోటు ఒక్కటే కాదు, ఆ పక్కనుంచి పారే కాలువ కూడా తెగిందన్నమాట. 1995లో అమెరికాలో పామిటర్ బృందం అసలు డోపమీనే తయారుచేసుకోలేని చిట్టెలుకలను సృష్టించింది. అవి మామూలుగానే పుట్టాయి. కాని కొన్ని వారాలకే తిండి మీద ధ్యాస పోయి, ఆహారం పక్కనే ఉండగా చచ్చిపోసాగాయి. ఎల్-డోపా అనే మందు ఇస్తే మళ్ళీ తిన్నాయి. డోపమీన్ అంటే ఏదో సుఖం ఇచ్చే పదార్థమని వింటుంటాం. నాకు అర్థమైనంతవరకు దాని ముఖ్యమైన పని "లే, వెళ్ళి తెచ్చుకో" అని తరమడం. ఆ తరిమేవాడు లేకపోతే కంచం ముందున్నా చెయ్యి లేవదు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. డోపమీన్ లేకపోతే ఎలుక తినదు. ఆంఫిటమీన్ మందు డోపమీన్‌ను పెంచుతుంది, అది ఇచ్చినా ఎలుక తినదు! ఇది మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. కాని వ్యవసాయం చేసేవాళ్ళకు ఇది అంత వింత కాదు. నీరు లేక ఎండినా చేను పోతుంది, వరదొచ్చి మునిగినా చేను పోతుంది. మెదడుకు కూడా ఒక మట్టం కావాలి.

ఆ వరద ఎలా వస్తుందో చూద్దాం. రెండు నాడీకణాల మధ్య అతి సన్నని సందు ఉంటుంది. మొదటి కణం తన చిన్న చిన్న సంచుల్లో దాచుకున్న డోపమీన్‌ను ఆ సందులోకి వదులుతుంది. అది అవతలి కణం మీది గ్రాహకాలకు తగిలి కబురు చెబుతుంది. కబురు చెప్పడం అయిపోగానే మొదటి కణం గోడలో ఉన్న వాహక ప్రోటీన్లు మిగిలిన డోపమీన్‌ను మళ్ళీ లోపలికి తోడేస్తాయి. మడిలో ఎక్కువైన నీరు మురుగుబోదె గుండా బయటికి పోయినట్టే. లేకపోతే చెప్పిన కబురే చెబుతూ ఉండిపోతుంది.

ఆంఫిటమీన్ అణువు డోపమీన్‌కు దగ్గరి పోలిక. డోపమీన్ వలయం మీద ఉండే రెండు హైడ్రాక్సిల్ సమూహాలు దీనికి లేవు, పక్క గొలుసు మీద ఒక మిథైల్ సమూహం అదనంగా ఉంది. అంతే తేడా. హైడ్రాక్సిల్‌లు లేవు కనుక రక్తం నుంచి మెదడులోకి తేలికగా దూరుతుంది. మిథైల్ ఉంది కనుక దాన్ని విరిచెయ్యవలసిన ఎంజైముకు అంత సులభంగా దొరకదు. నారుమడిలో ఊదగడ్డి అచ్చం వరిలాగే ఉండి, నాట్లు వేసే చేతులనే మోసం చేస్తుంది చూడండి, అలా ఈ అణువును చూసి వాహక ప్రోటీన్ డోపమీన్ అనుకుని లోపలికి తీసుకుపోతుంది. లోపలికి పోయిన ఆంఫిటమీన్ సంచుల్లోని నిల్వను బయటికి తోసేస్తుంది. పైగా ఆ వాహక ప్రోటీన్ వెనక్కి తిరిగి పనిచెయ్యడం మొదలుపెడుతుంది. లోపలికి తోడవలసింది కాస్తా బయటికి పోస్తుంది. మా ఊళ్ళో వంశధారకు వరద వచ్చినప్పుడు మురుగుబోదెలు ఎదురుతన్ని మడులన్నీ ముంచేస్తాయి. ఇదీ సరిగ్గా అదే. అంతమాత్రాన మెదడు కొత్తగా ఏ బలమూ సంపాదించలేదు. ఉన్న నిల్వ ఒక్కసారిగా బయట పడింది, అంతే.

డోపమీన్‌తో పాటు నారడ్రినలీన్ కూడా ఇలాగే పొంగుతుంది. ఇది అపాయం వచ్చిందని చాటే దండోరా. నెమ్మదిగా గడ్డి మేస్తున్న ఎద్దు మీదికి కుక్క మొరుగుతూ వచ్చిందనుకోండి. చెవులు నిక్కబొడుస్తుంది, ముట్టె ఎగరేస్తుంది, నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మేత ఎవడిక్కావాలి? ఆంఫిటమీన్ జాతి మందులు ఆకలిని పోగొట్టే పద్ధతిలో ఎక్కువ భాగం ఇదే. కుక్క రాలేదు గాని కుక్క వచ్చిందన్న కబురు మెదడంతా పాకుతుంది. గుండె దడ, రక్తపోటు, నిద్ర పట్టకపోవడం, నోరు ఎండిపోవడం ఇవన్నీ ఆ కబురులో భాగాలే. వాటిని పక్కదోవ ఫలితాలు అంటాం గాని, నా ఉద్దేశంలో ఆకలి చావడం కూడా వాటిలో ఒకటి మాత్రమే.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. ఆంఫిటమీన్‌ను 1887లో బెర్లిన్‌లో ఎడెలెయాను అనే రుమేనియా రసాయనజ్ఞుడు తయారుచేశాడు. నలభై ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. 1920ల చివర గోర్డన్ ఆలెస్ ఉబ్బసం మందు కోసం వెతుకుతూ దీన్ని మళ్ళీ పైకి తీసి తన మీదే ప్రయోగించుకున్నాడు. ఆ రాత్రి అతనికి నిద్ర లేదు! 1930లలో బెంజెడ్రిన్ పేరుతో ముక్కు దిబ్బడకు, తరవాత రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల మెలకువకు, యుద్ధం అయ్యాక సన్నబడే మాత్రలుగా. అలవాటుపడి వదలలేనివాళ్ళు ఎక్కువై 1971లో అమెరికా దీన్ని కఠిన నియంత్రణలో పెట్టింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. దీని తమ్ముడు ఫెంటర్మీన్ 1959లో అమెరికాలో అనుమతి పొందింది. అది ముఖ్యంగా నారడ్రినలీన్ మీద పనిచేస్తుంది. కొద్దికాలానికే వాడాలని షరతు.

ఎందుకు కొద్దికాలం? వారాలు గడిచేకొద్దీ మెదడు ఆ దండోరాకు అలవాటుపడిపోతుంది, అదే మోతాదుకు ఆకలి తగ్గడం మానేస్తుంది. మరోపక్క ఒంట్లో కొవ్వు తరిగితే, కొవ్వు కణాలు పంపే లెప్టిన్ అనే హార్మోను కూడా తరుగుతుంది. ఈ లెప్టిన్‌ను కనిపెట్టింది 1994లో. అది తరిగితే హైపోథాలమస్ కరువు వచ్చిందనుకుని ఆకలిని రెట్టిస్తుంది. మందు మానేసిన రోజున ఈ బాకీ అంతా ఒక్కసారి మీద పడుతుంది.

ఉత్తేజం లేకుండా ఆకలి ఒక్కటే తగ్గించలేమా అని ఫెన్‌ఫ్లూరమీన్ వచ్చింది. అణువు ఆంఫిటమీన్ వంశమే గాని ఇది పొంగించేది సెరటోనిన్‌ను. హైపోథాలమస్‌లో సెరటోనిన్ "ఇక చాలు" అని చెప్పే కణాలను తట్టి లేపుతుంది. ఒక మందు మగత తెస్తుంది, ఒకటి హుషారు తెస్తుంది, రెండూ కలిపితే సరిపోతుందని ఫెన్‌ఫ్లూరమీన్, ఫెంటర్మీన్ కలిపి ఇవ్వసాగారు. 1992లో 121 మంది మీద చేసిన ఒక అధ్యయనం వెలువడ్డాక అమెరికాలో అదో వెర్రి అయిపోయింది. 1996 ఒక్క సంవత్సరంలో ఈ మందులకు కోటీ ఎనభై లక్షలకు పైగా చీటీలు రాశారు. 1997 ఆగస్టులో మేయో క్లినిక్ డాక్టర్లు ఈ జంట మందులు వాడిన 24 మంది స్త్రీల గుండె కవాటాలు దళసరెక్కి రక్తం వెనక్కి కారుతోందని ప్రకటించారు. సెప్టెంబరులో ఫెన్‌ఫ్లూరమీన్ మార్కెట్టు నుంచి పోయింది. జరిగింది ఏమిటంటే, సెరటోనిన్ గ్రాహకాల్లో ఒక రకం గుండె కవాటాల మీద కూడా ఉంది. దాన్ని అదేపనిగా తడితే అక్కడి కణాలు పెరుగుతాయి. మెదడుకని పంపిన ఉత్తరం గుండె కూడా విప్పి చదువుకుంది! అదే ఫెన్‌ఫ్లూరమీన్ 2020లో డ్రావే సిండ్రోమ్ అనే పసిపిల్లల మొండి మూర్ఛకు మందుగా అమెరికాలో తిరిగి వచ్చింది. గుండెను ఎప్పటికప్పుడు ఎకో పరీక్ష చేయిస్తూ ఇవ్వాలి.

తరవాతి వంతు సిబ్యూట్రమీన్‌ది. ఇది నిల్వను బయటికి పొయ్యదు, లోపలికి తోడే దారిని మూసేస్తుంది. గుండెపోట్లు, పక్షవాతాలు ఎక్కువవుతున్నాయని 2010లో ఐరోపా, అమెరికాల్లో, 2011లో మన దేశంలో ఆపేశారు. కాని ఆగిపోలేదు. కేవలం మూలికలతో చేశామని చెప్పే సన్నబడే గుళికల్లో రహస్యంగా దీన్ని కలిపి అమ్ముతున్నట్టు అమెరికా అధికారులు పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపెట్టారు. ఇది ఇంత పట్టుగా రాయడానికి కారణం ఉంది. మా హాస్టల్లో ఒకమ్మాయి అక్క పెళ్ళినాటికి సన్నబడాలని ఎక్కడినుంచో గుళికలు తెప్పించుకుంది. డబ్బా మీద ఆకుల బొమ్మ తప్ప ఏ మందు ఉందో రాయలేదు. పది రోజులు మెస్సుకి రాలేదు. "ఆకలే వెయ్యట్లేదే, నిద్ర కూడా రావట్లేదు, ఎంత చదువుతున్నానో!" అని సంబరపడింది. పదకొండో రోజున మెట్లెక్కుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయింది. డాక్టరు గారు మానిపించాక తేరుకుంది. ఆ డబ్బాలో ఏముందో ఎవరూ పరీక్ష చేయించలేదు, కాబట్టి నేను చెప్పలేను. మూలికలైనా సరే, ఆకలీ నిద్రా రెండూ ఒకేసారి పోయాయంటే ఏ దండోరా మోగుతోందో అనుమానించాలి.

తినకూడదనుకునేవాళ్ళ సంగతి ఇది. తినడానికి చాలని రోజుల్లో పనిచేసినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు అడ్డచుట్ట కాలుస్తారు, అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని. మా మామ్మ ఊడుపుల్లో దిగేటప్పుడు పొద్దున్నే చోడి అంబలి తాగి, మధ్యాహ్నం దాకా చుట్టతోనే గడిపేది. ఎందుకే అంటే "ఆకలి సచ్చిపోద్దే, నడుం నొప్పి కూడా తెలీదు" అనేది. అది మామ్మ ఊహ అనుకునేవాళ్ళం. 2011లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళే ఎలుకల్లో చూపించారు, పొగాకులోని నికోటిన్ హైపోథాలమస్‌లో "ఇక చాలు" అని చెప్పే కణాలను నేరుగా తట్టి లేపుతుందని. ఫెన్‌ఫ్లూరమీన్ సెరటోనిన్ ద్వారా లేపేది కూడా ఆ కణాలనే. కబురు తెచ్చేవాళ్ళు వేరు, తట్టే తలుపు ఒక్కటే. మామ్మ ఒంటికి కావలసిన అన్నం మాత్రం ఆ పూట రాలేదు, వచ్చినట్టు మెదడుకు కబురు వెళ్ళింది.

అడ్డచుట్ట వల్ల అంగిట్లో తెల్లమచ్చలు, వాటిల్లో కొన్నింటికి క్యాన్సరు వస్తాయని విశాఖ, శ్రీకాకుళం డాక్టర్లకు ఎప్పటినుంచో తెలిసిన విషయమే. కిందటేడు మా ఊళ్ళో పెట్టిన పళ్ళ శిబిరంలో మామ్మ అంగిట్లో మచ్చ ఉందని, ఆరు నెలలకోసారి చూపించుకోమని చెప్పారు. రెండోసారి ఇంకా వెళ్ళలేదు. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు నేనే తీసుకెళ్తానని నాన్నకు ఉత్తరం రాశాను.