పాత స్పోర్ట్స్ కారు కొంటున్నారా? పారాహుషార్!

మీటరులో అంకె కన్నా తుప్పు, కాగితాలే ముఖ్యం

విశాఖపట్నం: వేగంగా దూసుకుపోయే కారుపై మోజు యువతకు ఎప్పుడూ ఉన్నదే. కొత్తది కొనే స్తోమత లేనివారు పాతవాటి వైపు చూస్తుంటారు. 2013లో వచ్చిన వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, 2015 నాటి ఫియట్ అబార్త్ పుంటో, 2017 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ వంటివి ఇప్పుడు పాత వాహనాల విపణిలోనే లభిస్తాయి. లక్ష కిలోమీటర్లు దాటినవైతే మరీ చౌకగా వస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ కారు ధర తగ్గుతుంది కానీ విడిభాగాల ధర తగ్గదు. ఆక్టేవియా ఆర్‌ఎస్ ప్రారంభ ధర సుమారు రూ.25 లక్షలు. దానిని ఎంత తక్కువకు కొన్నా మరమ్మతు ఖర్చు మాత్రం పాతిక లక్షల కారు లెక్కనే ఉంటుంది.

అలాగని మీటరులో పెద్ద అంకె చూసి బెదిరిపోనక్కరలేదు. జాతీయ రహదారిపై నిలకడగా తిరుగుతూ, వేళకు ఆయిలు మార్చుకున్న లక్షా ఇరవై వేల కిలోమీటర్ల కారు మంచి స్థితిలో ఉండవచ్చు. సముద్రతీరాన ఏళ్ల తరబడి ఆరుబయట నిలిచిన నలభై వేల కిలోమీటర్ల కారు అడుగున తుప్పుపట్టి ఉండవచ్చు. అందువల్ల ఎంత తిరిగిందన్న దానితో పాటు ఎక్కడ నిలిచింది, ఎవరి పేరున ఉన్నదన్నదీ విచారించాలి.

ఉప్పుగాలి తెచ్చే చేటు

బీచ్ రోడ్డు మొదలు రుషికొండ, భీమునిపట్నం వరకు తీరం వెంబడి ఉప్పుగాలి నిత్యం వీస్తుంటుంది. పైరంగు మెరుస్తున్నా లోపలి ఇనుము తినేస్తుంది. కనుక కారును లిఫ్టుపై ఎత్తించి అడుగుభాగం చూడనిదే బేరం ఆడరాదు. తలుపుల కింది అంచులు, షాక్ అబ్జార్బర్లు బిగించే చోట్లు, బ్రేకు గొట్టాలు, సైలెన్సరు అతుకులను టార్చిలైటు వేసి పరిశీలించాలి. అడుగున కొత్తగా నల్లరంగు పూసి ఉంటే దాని కింద ఏముందో అనుమానించాలి. ఏసీ కండెన్సరు, రేడియేటరు రేకులు ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయంటే త్వరలోనే ఖర్చు తప్పదు.

ఓడరేవు, ఉక్కు కర్మాగారం పరిసరాల్లో తిరిగిన కార్లకు మరో బెడద ఉంది. గాలిలోని ఇనుప రజను రంగుపై అంటుకుని తుప్పు పడితే నారింజ వర్ణపు సన్నని చుక్కలు ఏర్పడతాయి. వాటిని శుభ్రం చేయించవచ్చు. అయితే గాలి ఫిల్టరును ఎంత శ్రద్ధగా మార్చారో ఇటువంటి కార్లలో తప్పక అడగాలి.

నీట మునిగిందేమో చూడాలి

2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను, 2015 డిసెంబరు నాటి చెన్నై వరదలు, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరు... ప్రతి విపత్తులోనూ వాహనాలు దెబ్బతిన్నాయి. నీట మునిగిన కార్లు తుడిచి ముస్తాబై మరో ఊరి విపణికి చేరే ప్రమాదం ఉంది. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే బురద చార కనిపించవచ్చు. సీట్ల కింది పట్టాలపై తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, దీపాల్లో తేమ, తివాచీ కింద ముక్కవాసన కూడా గుర్తులే. బీమా క్లెయిముల చరిత్ర చూపమని అమ్మకందారును కోరడం మేలు.

మీటరును ఎలా నమ్మాలి?

డిజిటల్ మీటరును సైతం వెనక్కి తిప్పేవారున్నారు. సర్వీసు బిల్లుల్లో నమోదైన కిలోమీటర్లను తేదీల వారీగా సరిచూడాలి. ముప్పై వేలే తిరిగిందంటున్న కారులో పెడళ్ల రబ్బరు, స్టీరింగు తోలు అరిగి నున్నబడితే ఆ అంకె నమ్మదగినది కాదు. టైరు పక్కగోడపై నాలుగంకెల తేదీ సంకేతం ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్లకు నాలుగు తేదీలుంటే కారణం అడగాలి. టైరు ఒకవైపే అరిగితే చక్రాల అమరికలోనో, ఛాసిస్‌లోనో లోపం ఉండవచ్చు.

చల్లని ఇంజిన్‌నే చూడాలి

కొనేవారు వచ్చేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటే అనుమానించవలసిందే. రాత్రంతా నిలిపిన కారును ఉదయం తమ ఎదుటే స్టార్టు చేయించాలి. నీలిపొగ వస్తే ఇంజిన్ ఆయిలును తాగుతున్నట్టు. తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంటు లోపలికి చేరుతున్నట్టు అనుమానించాలి. ఆయిలు మూత కింద వెన్నలాంటి తెట్టు ఉన్నా జాగ్రత్త పడాలి.

స్పోర్ట్స్ కార్లలో టర్బోచార్జరే కీలకం. కొద్దిసేపు నిలిపి ఒక్కసారిగా వేగం పెంచినప్పుడు నీలిపొగ గానీ, గీపెట్టినట్టు శబ్దం గానీ వస్తే టర్బో దెబ్బతిని ఉండవచ్చు. పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్నది పొడి క్లచ్చులతో పనిచేసే ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ వ్యవస్థ. ఎన్‌ఏడీ, గాజువాక కూడళ్ల వంటి రద్దీలో మెల్లగా నడిపి చూస్తే కుదుపులు బయటపడతాయి. కైలాసగిరి, సింహాచలం ఘాట్ల వంటి ఎత్తు ఎక్కిస్తే ఇంజిన్ వేడి, దిగేటప్పుడు బ్రేకుల పట్టు తెలుస్తాయి. ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకాలు నిలిపివేసినందున పుంటో కొనేవారు విడిభాగాల లభ్యతను ముందే విచారించుకోవాలి.

పేరు మారితేనే సొంతం

అన్నింటికన్నా పెద్ద ముప్పు కాగితాలతోనే. ఆర్‌సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లను కారుపై ఉన్నవాటితో అక్షరం అక్షరం పోల్చాలి. అప్పు తీరి ఉంటే ఫారం 35తో తాకట్టు నమోదును తొలగింపజేయాలి. పరరాష్ట్ర వాహనానికి నిరభ్యంతర పత్రం తప్పనిసరి. దానిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. ఇక్కడి జీవితకాల పన్నును కూడా ధరలో కలిపి లెక్కించుకోవాలి. పెండింగు చలానాలు ఎవరు కట్టాలో ముందే తేల్చుకోవాలి.

యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30 సమర్పించాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. కారు పలు చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాద పరిహార బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు ఇచ్చి ఊరుకుంటే అమ్మినవారికీ తిప్పలు తప్పవన్నమాట. బీమా పాలసీని కూడా 14 రోజుల్లో తమ పేరున మార్పించుకోవాలి. లేకుంటే కొన్నవారి సొంత వాహన నష్టానికి పరిహారం అందకపోవచ్చు. శక్తి పెంచేందుకు ఇంజిన్‌లో, సైలెన్సరులో అనుమతి లేని మార్పులు చేసి ఉంటే 52వ సెక్షన్ కింద ఇబ్బందులు ఎదురవుతాయి.

బజానా ఇచ్చే ముందే

ఈ తనిఖీలన్నీ బజానా చేతిలో పెట్టకముందే పూర్తిచేయాలి. అమ్మకందారుతో సంబంధం లేని మెకానిక్కు చేత స్కానరు పెట్టించి, ఇంజిన్ కంప్రెషన్ కొలిపించేందుకు అయ్యే ఖర్చు, టర్బో మార్పించే ఖర్చుతో పోలిస్తే స్వల్పం. టైర్లు, బ్రేకులు, క్లచ్చు, ఆయిలు మార్పులకు కొంత సొమ్ము విడిగా ఉంచుకున్న తర్వాతే ధర మాట్లాడాలి. చేతిలో ఉన్నదంతా కారుకే పోస్తే మొదటి మరమ్మతుకే అప్పు చేయవలసి వస్తుంది. తనిఖీకి ఒప్పుకోని అమ్మకందారు ఎంత చౌకగా ఇస్తానన్నా ఆ బేరం వదులుకోవడమే ఉత్తమం.