గుర్తింపు కళాశాలకా.. కోర్సుకా?

కామారెడ్డి, ఎల్లారెడ్డి: ఇంజినీరింగ్ ప్రవేశాల సమయం రాగానే కళాశాలల ప్రచార ఫ్లెక్సీలు పట్టణ కూడళ్లలో వెలుస్తాయి. ‘గుర్తింపు పొందిన కళాశాల’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎవరి గుర్తింపు, దేనికి గుర్తింపు అన్నది మాత్రం చాలావాటిలో కానరాదు. బిడ్డను హైదరాబాద్ హాస్టల్‌లో చేర్చి నాలుగేళ్లు చదివించే కుటుంబానికి ఈ తేడా తెలియడం అవసరం.

కళాశాల నడపడానికి అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చేది అనుమతి. జేఎన్‌టీయూ వంటి విశ్వవిద్యాలయం ఇచ్చేది అనుబంధం. ఇవి లేనిదే కళాశాల తలుపులే తెరుచుకోవు కాబట్టి గొప్పగా చెప్పుకోవలసినవి కావు. ‘న్యాక్’ గ్రేడు మొత్తం సంస్థకు వర్తిస్తుంది. జాతీయ అక్రిడిటేషన్ బోర్డు (ఎన్‌బీఏ) గుర్తింపు అలా కాదు. అది ఒక్కో కోర్సుకు విడివిడిగా లభిస్తుంది. ఒకే కళాశాలలో సివిల్‌కు ఉండి, కంప్యూటర్ సైన్స్‌కు లేకపోవచ్చు.

1994లో ఏఐసీటీఈ కింద ఏర్పడిన ఎన్‌బీఏ 2010లో స్వతంత్ర ప్రతిపత్తి పొందింది. కళాశాల ముందుగా స్వీయ మూల్యాంకన నివేదిక సమర్పించాలి. ఆపై నిపుణుల బృందం వచ్చి అధ్యాపకులు, ప్రయోగశాలలు, ఉత్తీర్ణత, ఉద్యోగాల వివరాలు పరిశీలిస్తుంది. విద్యార్థులు చదువు ముగించి బయటకు వచ్చాకే ఈ పరీక్ష కాబట్టి, కొత్తగా పెట్టిన కోర్సుకు తొలి ఏడాదే గుర్తింపు ఉందంటే నమ్మరాదు. గుర్తింపునకు గడువూ ఉంటుంది.

విదేశాలకు వెళ్లదలచినవారు మరొకటి గమనించాలి. ఇంజినీరింగ్ పట్టాలను పరస్పరం గుర్తించేందుకు 1989లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లాండ్, న్యూజిలాండ్ సంస్థలు వాషింగ్టన్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. భారత్ 2007లో తాత్కాలిక సభ్యత్వం, 2014 జూన్ 13న పూర్తి సభ్యత్వం పొందింది. అయితే ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న ప్రతి కోర్సుకూ ఈ ప్రయోజనం వర్తించదు. విశ్వవిద్యాలయాలు, స్వయంప్రతిపత్తి కళాశాలల కోసం ఉద్దేశించిన ‘టైర్-1’ కింద గుర్తింపు పొందిన కోర్సులకే పరిమితం. మామూలు అనుబంధ కళాశాలలు ‘టైర్-2’ కిందికి వస్తాయి. ఉదాహరణకు, వలస కోసం ఆస్ట్రేలియాలో అర్హత నిర్ధారించుకునే ఇంజినీరు పట్టా ఒప్పందం పరిధిలో లేకుంటే, తాను చేసిన పనులను వివరిస్తూ సామర్థ్య నివేదిక సమర్పించుకోవలసి వస్తుంది. పరిధిలో ఉన్నంతమాత్రాన వీసా గానీ, ఉద్యోగం గానీ దక్కుతుందని కాదు.

ఏ కోర్సుకు, ఏ టైర్ కింద, ఎప్పటివరకు గుర్తింపు ఉందో ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. సీటు ఎంచుకునే ముందే కళాశాలను గుర్తింపు పత్రం అడగవచ్చు.

కామారెడ్డిలోని డెయిరీ టెక్నాలజీ కళాశాల విషయం వేరు. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన ఈ కళాశాలలో ఇచ్చేదీ బీటెక్ పట్టానే. కానీ వ్యవసాయ, పాడి సంబంధ కోర్సులకు భారత వ్యవసాయ పరిశోధన మండలికి ప్రత్యేక గుర్తింపు విధానం ఉంది. ఆ పేరు ఎన్‌బీఏ జాబితాలో కనిపించలేదని తల్లిదండ్రులు కంగారుపడనక్కరలేదు.