ఆరోపాల నుంచి పట్టికలకు

రాష్ట్రేతర తెలుగువారి పదజాలాన్ని సేకరించేవారు ఇప్పుడు కార్డులకు బదులు సెల్‌ఫోనులోనే ప్రశ్నావళి పూరిస్తున్నారు. అలా చేరిన సమాచారం తరచు ‘జేసన్’ రూపంలో చేతికి వస్తుంది. ఇందులో ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి: ఆరోపం లోపల అర్థాలు, ఒక్కొక్క అర్థం లోపల అది వినిపించిన ఊళ్లు. ఒక్కొక్క పదాన్ని చూసుకోవడానికి ఇది హాయిగానే ఉంటుంది. బరంపురంలోనూ హోసూరులోనూ ఉన్న పదాలేవని అడగాలంటే మాత్రం, 1970లో ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన పద్ధతిలో, ఒకదానికొకటి సంబంధం గల పట్టికలు ఉంటే పని తేలిక.

‘అంగడి’ని తీసుకుందాం. తెలంగాణలో అది సంత. చిత్తూరు, హోసూరు వైపు దుకాణం. అర్థాలన్నీ ఒక గడిలో, ఊళ్లన్నీ మరో గడిలో కామాలతో కుక్కితే ఏ అర్థం ఏ ఊరిదో తెలియకుండా పోతుంది. మాండలిక పరిశీలనకు కావలసింది సరిగ్గా ఆ ముడే. కనుక ఆరోపాలకొక పట్టిక, అర్థాలకొకటి, ఊళ్లకొకటి, అర్థాన్నీ ఊరినీ కలిపే పట్టిక మరొకటి ఉండాలి. ప్రతి వరుసకూ ఒక గుర్తు సంఖ్య ఇస్తాం. అర్థం వరుసలో దాని ఆరోపం సంఖ్య కూడా ఉంటుంది. ఊళ్లకు వేరే పట్టిక ఎందుకంటే, ఒకరు బరంపురం అనీ, మరొకరు బ్రహ్మపూర్ అనీ రాస్తే కంప్యూటరు రెండూళ్లుగా లెక్కిస్తుంది. హోసూరు 2004 వరకు ధర్మపురి జిల్లాలో ఉండేది, తరువాత కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. ఇలాంటి మార్పును ఒక్క వరుసలో దిద్దుకుంటే సరిపోతుంది.

అసలు ప్రమాదం విడదీసేటప్పుడు ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో లోపలి జాబితాను వరుసలుగా విడదీసి తల్లి వరుసతో మామూలుగా జోడిస్తే, జాబితా ఖాళీగా ఉన్న ఆరోపం ఫలితంలో కనిపించదు. హెచ్చరికా రాదు. ఒక వృద్ధురాలి నోట విన్నా అర్థం తేలని పదాలు ఇలాగే జారిపోతాయి. మళ్లీ అడుగుదామని వెళ్లేసరికి ఆమె ఉండకపోవచ్చు! అందుకే ‘లెఫ్ట్ జాయిన్’ వాడాలి. 2024లో వచ్చిన 17వ కూర్పులోని ‘జేసన్-టేబుల్’ అయితే, లోపలి జాబితాను ‘నెస్టెడ్’ అని పేర్కొన్నప్పుడు తల్లి వరుసను నిలుపుతుంది. ఏ దారిన పోయినా, ముందూ తరువాతా ఆరోపాలను లెక్కపెట్టి చూడడం మంచిది. నిఘంటువులో అర్థాల క్రమానికి విలువ ఉంది. పట్టిక ఆ క్రమాన్ని తనంతట గుర్తుంచుకోదు. వరుస సంఖ్యను కూడా ఒక గడిలో చేర్చాలి.

ఇక గడుల రకాలు. సేకర్త వ్యవహర్త వయసును ‘సుమారు 60’ అని రాశాడనుకోండి. పూర్ణసంఖ్య గడిలోకి అది ఎక్కదు. మామూలు మార్పిడిలో పని ఆగిపోతుంది, తప్పు తెలుస్తుంది. జేసన్-టేబుల్ మాత్రం, వేరే చెప్పకపోతే, ఆ గడిని చప్పుడు లేకుండా ఖాళీగా వదిలేస్తుంది. నన్నడిగితే ఆగిపోవడమే మేలు. ‘ఎర్రర్ ఆన్ ఎర్రర్’ అని జోడిస్తే అదీ ఆగుతుంది. అప్పుడు సేకర్త రాసినది రాసినట్టుగా ఒక అక్షరాల గడిలోను, లెక్కకు పనికివచ్చే 60ని పక్కనే సంఖ్యల గడిలోను ఉంచుకోవచ్చు.