ప్రైమరీ లేని చోట టికెట్ ఎట్లా తేలుతుంది?

అమెరికాలో అధ్యక్ష ఎన్నికల ఏడాది వస్తే జనవరి నుంచి జూన్ దాకా వార్తల్లో ‘ప్రైమరీ’ మాటే నలుగుతుంటుంది. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే ఫోన్లో కూడా అదే ముచ్చట. దాని వెంటే ఒక ప్రశ్న పుడుతుంది. అక్కడ పార్టీ అభ్యర్థిని జనమే ఓటేసి ఎంచుకుంటుంటే, తెలంగాణలోని మన నారాయణఖేడ్‌లో ఎమ్మెల్యే టికెట్ ఎవరికన్నది హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఎందుకు తేలుతుంది?

ముందు అక్కడి పద్ధతి చూద్దాం. నవంబర్‌లో జరిగేది పార్టీల మధ్య ఎన్నిక. ప్రైమరీ అంతకుముందు ఒకే పార్టీ లోపల జరిగే ఎన్నిక. రాష్ట్రానికో తేదీ, రాష్ట్రానికో నియమం. చాలా రాష్ట్రాల్లో ఓటరుగా పేరు రాయించుకునేటప్పుడే ఏ పార్టీవారో కూడా నమోదు చేయించుకోవచ్చు. కొన్నిచోట్ల అలా నమోదైనవారే ఆ పార్టీ ప్రైమరీలో ఓటేస్తారు, కొన్నిచోట్ల ఎవరైనా వేయవచ్చు. పడిన ఓట్లను బట్టి అభ్యర్థికి డెలిగేట్లు, అంటే ప్రతినిధులు, దక్కుతారు. వేసవిలో జరిగే పార్టీ మహాసభలో వాళ్లే అభ్యర్థిని ఖాయం చేస్తారు. ఇదేదో తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి అనుకోవద్దు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయకుండానే డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి అయ్యాడు. దాని మీద పెద్ద గొడవే జరిగింది. ఆ తర్వాత నియమాలు మార్చారు, 1972 నుంచి ప్రైమరీల మాట చెల్లుబాటు కావడం మొదలైంది. అంతకుముందు అక్కడ కూడా నాయకులు తలుపులు మూసుకుని తేల్చిందే ఎక్కువ.

మరి ఓటరు ఎట్లా తూచుకుంటాడు? నవంబర్‌లో పార్టీ పేరు చూసి ఓటేసేయవచ్చు. ప్రైమరీలో ఆ ఆసరా ఉండదు, అందరిదీ ఒకే జెండా. అందుకే అక్కడి ఓటరును రెండు ప్రశ్నలు చెరో వైపు లాగుతాయి. నాకు నచ్చిందెవరు? అవతలి పార్టీ మీద గెలవగలిగేదెవరు? రెండింటికీ జవాబు ఒకే మనిషి అయితే చింత లేదు, కాకపోతేనే తంటా. అయోవా రాష్ట్రంలో డెమోక్రాట్లు 2020 దాకా నడిపిన ‘కాకస్’లో ఈ తంటా కళ్లకు కట్టినట్టు కనిపించేది. చలికాలం రాత్రి ఊరి బడిలోనో చర్చిలోనో జనం చేరి, ఎవరి అభ్యర్థి పేరిట వాళ్లు గుంపులుగా నిలబడేవారు. వచ్చినవారిలో 15 శాతమన్నా లేని గుంపు చాలాచోట్ల లెక్కలోకి వచ్చేది కాదు. ఆ గుంపులోని వాళ్లు చెదిరి ఇంకో గుంపులోకి పోవాల్సి వచ్చేది. ఇరుగుపొరుగు వాళ్లు చేయి పట్టుకుని ‘మా వైపు రా’ అని లాగేవారు. రెండో ఇష్టం ఎవరన్నది అందరి ముందే తేలిపోయేది.

గుంపులు కలిసే వీలు లేనిచోట ఓట్లు చీలుతాయి. 2016లో రిపబ్లికన్ పార్టీలో 17 మంది రంగంలోకి దిగారు. సౌత్ కరోలినాలో ట్రంప్‌కు పడ్డవి మూడోవంతు లోపు ఓట్లే. మిగతావి తలా కొన్ని పంచుకున్నారు, ఆ రాష్ట్రంలోని 50 మంది డెలిగేట్లూ ట్రంప్‌కే పోయారు. ప్రైమరీ పెట్టినా చివరికి ఓటరు మాటే నిలుస్తుందన్న హామీ కూడా లేదు. 2024లో డెమోక్రటిక్ ప్రైమరీలు గెలిచింది బైడెన్. జులై 21న ఆయన తప్పుకున్నాక డెలిగేట్లు కమలా హారిస్‌ను నిలబెట్టారు.

ఇక మన దగ్గర ఎందుకు లేదంటే, మొదటి కారణం చాలా మామూలుది. మన ఓటరు జాబితాలో పేరు, వయసు, ఇంటి నంబరు ఉంటాయి కానీ పార్టీ గడి ఉండదు. ఫలానా పార్టీ ఓటర్లు వీరని ప్రభుత్వ కాగితంలో ఎక్కడా లేనప్పుడు వాళ్లకు మాత్రమే ఎన్నిక పెట్టడం కుదరదు. రెండోది బీ-ఫారం. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ప్రకారం గుర్తు పార్టీది. పార్టీ అధికారమిచ్చిన నాయకుడు సంతకం చేసిన ఆ కాగితం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా రిటర్నింగ్ అధికారికి చేరాలి. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే అభ్యర్థి. ఆ సంతకం ఓటర్లను అడిగి పెట్టాలని ఏ చట్టమూ చెప్పదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం గెలిచినవాడిని కూడా పార్టీ విప్‌కు కట్టేసింది. అభ్యర్థికి పార్టీ పెద్దలతో ఉన్నంత పని ఓటర్లతో లేకుండా పోవడానికి ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

మన నారాయణఖేడ్ కథ చూస్తే ఇదంతా బాగా అర్థమవుతుంది. ఇక్కడి కాంగ్రెస్‌లో చాలాకాలంగా రెండు ఇళ్లు, పట్లోళ్ల వారు, షెట్కార్లు. 1999లో పట్లోళ్ల కిష్టారెడ్డి ఎమ్మెల్యే, 2004లో సురేశ్ షెట్కార్. 2009లో పార్టీ సర్దుబాటు చేసింది. కిష్టారెడ్డికి అసెంబ్లీ, షెట్కార్‌కు కొత్తగా ఏర్పడ్డ జహీరాబాద్ లోక్‌సభ స్థానం. ఇద్దరూ గెలిచారు. 2014లో కిష్టారెడ్డి మళ్లీ గెలిచి మరుసటి ఏడాది కన్నుమూశారు. 2016 ఫిబ్రవరి ఉపఎన్నికలో ఆయన కొడుకు సంజీవరెడ్డి కాంగ్రెస్ తరఫున నిలబడి, టీఆర్‌ఎస్ అభ్యర్థి భూపాల్‌రెడ్డి చేతిలో 53 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు.

2018లో కాంగ్రెస్ టికెట్ షెట్కార్‌కు దక్కింది. సంజీవరెడ్డి బీజేపీ తరఫున బరిలో దిగారు. పార్టీ లోపల తేలాల్సిన పోటీ అసలు ఎన్నికలోకే వచ్చి పడింది. భూపాల్‌రెడ్డి 58 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. చీలిక వల్లే ఓడిపోయారని అప్పట్లో అనుకున్నవాళ్లున్నారు కానీ లెక్క ఒప్పుకోదు. రెండో స్థానంలో ఉన్న షెట్కార్‌కు వచ్చినవి 37 వేల చిల్లర. సంజీవరెడ్డివి అంతకన్నా తక్కువ. రెండూ కలిపినా 75 వేలు కావు, భూపాల్‌రెడ్డికి వచ్చినవి 95 వేల పైచిలుకు. అయితే చీలిన ఇంటికి ఓటేయడం దండగ అనుకుని అటు వెళ్లినవాళ్లు ఎందరన్నది మాత్రం ఏ లెక్కలోనూ కనబడదు.

2023 ఆగస్టులో హైదరాబాద్‌లోని తన కార్యాలయం గాంధీభవన్‌లో కాంగ్రెస్ టికెట్ల కోసం దరఖాస్తులు తీసుకుంది. రాష్ట్రంలోని 119 సీట్లకు వెయ్యికి పైగా వచ్చాయి. దరఖాస్తుకు రుసుము కూడా పెట్టారు. అక్కడి నుంచి ప్రదేశ్ ఎన్నికల కమిటీ, మురళీధరన్ నాయకత్వంలోని స్క్రీనింగ్ కమిటీ, ఢిల్లీలో కేంద్ర ఎన్నికల కమిటీ. నడుమ సర్వేలు. ఫోన్ చేసి ‘మీ ఎమ్మెల్యేగా ఎవరుంటే బాగుంటుంది’ అని అడిగే ఆ సర్వేలే ఖేడ్ ఓటరుకు దక్కిన ప్రైమరీ. కాకపోతే అందులో ఎవరికెన్ని వచ్చాయో చెప్పినవాడికే చెప్పరు. నారాయణఖేడ్‌కు మొదట ప్రకటించిన పేరు సురేశ్ షెట్కార్‌ది. నామినేషన్లకు చివరి రోజు నవంబర్ 10. చివరికి బీ-ఫారం మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చిన సంజీవరెడ్డికి దక్కింది. ఈసారి ఇల్లు చీలలేదు. పదివేలు దాటని మెజారిటీతో సంజీవరెడ్డి గెలిచారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో జహీరాబాద్ టికెట్ షెట్కార్‌కు ఇచ్చారు, ఆయనా గెలిచారు. చూస్తే 2009 నాటి సర్దుబాటే మళ్లీ!

ఓటరు తూకం వేసుకోడని మాత్రం అనుకోవద్దు. ఖేడ్‌లో ఆ లెక్క కాస్త చిక్కుగానే ఉంటుంది. ఒక పక్క కర్ణాటక సరిహద్దు, కన్నడం, మరాఠీ మాట్లాడే ఊళ్లు, లింగాయత్‌లు, ఊరూరి చుట్టూ లంబాడా తండాలు. పంటకు నీళ్లు చాలక ఎందరో చెరుకు కోతకు వలసపోతారు. నవంబర్ చివర పోలింగంటే కోతల కాలమే. బండెక్కి పోయిన కుటుంబాన్ని ఓటు కోసం వెనక్కి పిలిపించేది ఎవరన్నదీ చూస్తారు, పనిబడితే ఫోన్ ఎత్తే మనిషెవరన్నదీ చూస్తారు.

ఒకే పార్టీవాళ్లలో ఒకరిని ఎంచుకోవడం మనకు కొత్త కూడా కాదు. సర్పంచ్ ఎన్నికలు చూడండి. పార్టీ గుర్తులుండవు, ఉంగరమో కత్తెరో ఉంటుంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. తండా అంతా ఒకే పార్టీ అయినచోట ఆ పార్టీవాళ్లే ఇద్దరు ముగ్గురు నిలబడతారు. ‘మనోడే, కానీ వీడా వాడా’ అని జనం తేలుస్తారు. ప్రైమరీ అంటే ఇంచుమించు అదే. ఆ మెట్టు దాటి ఎమ్మెల్యే దాకా రాగానే ఆ హక్కు చేజారుతుంది.

దీన్ని మార్చాలని చూసినవాళ్లు లేకపోలేదు. 2014 లోక్‌సభ ఎన్నికల ముందు రాహుల్ గాంధీ కొన్ని నియోజకవర్గాల్లో ప్రైమరీలు పెట్టించారు. ఓటు సామాన్య ఓటరుకు కాదు, పార్టీ కార్యకర్తలకు, పదవుల్లో ఉన్నవారికి. వడోదరలో అలా నరేంద్ర రావత్ గెలిచారు. అక్కడ మోదీ పోటీ చేస్తున్నారని తేలాక ఆయన స్థానంలో మధుసూదన్ మిస్త్రీని నిలబెట్టారు. 2022లో పంజాబ్‌లో ఆమ్ ఆద్మీ పార్టీ ముఖ్యమంత్రి అభ్యర్థి ఎవరని ఫోన్ నంబరు ఇచ్చి అడిగింది. 21 లక్షలకు పైగా జవాబులొచ్చాయని, 93 శాతం భగవంత్ మాన్‌కేనని ఆ పార్టీయే చెప్పింది. లెక్కపెట్టిందీ అదే పార్టీ.

మరి టికెట్ వెనక కారణం అడిగే దారి ఓటరుకు అసలు లేదా? కొద్దిగా ఉంది. అభ్యర్థి ఆస్తులు, కేసులు ఫారం-26 ప్రమాణపత్రంలో ఉంటాయి, ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఎవరైనా చూడవచ్చు. క్రిమినల్ కేసులున్నవారికి టికెట్ ఇస్తే, కేసుల్లేని మరొకరిని ఎందుకు ఎంచుకోలేదో పార్టీ రాసి ప్రచురించాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ‘గెలిచే సత్తా ఉంది’ అన్నదొక్కటే కారణంగా చెప్పకూడదని కూడా అంది. ఆ కారణాలు పత్రికల్లోనూ పార్టీ వెబ్‌సైట్లోనూ వస్తాయి. వచ్చే ఎన్నికల్లో నామినేషన్ల వారంలో ఆ ప్రకటన తీసి చదవండి. చాలావాటిలో ‘ప్రజాసేవలో ఉన్నారు’ లాంటి మాటలే కనిపిస్తాయి. ఏ సేవ, ఏ ఊళ్లో అని అభ్యర్థి మీ వీధికొచ్చినప్పుడు అడగడానికి ఆ కాగితం పనికొస్తుంది.