ఇల్లు కొనువారు నేలను జూడవలదా?

మిరప కోతలు ముగిసి, టిక్కీలు గుంటూరు యార్డునకు చేరి, పైకము చేతికి వచ్చిన తోడనే మన రైతు సోదరులలో ననేకులకు పట్టణమున నొక యిల్లు కొనవలెనను సంకల్పము కలుగుచున్నది. పిల్లల చదువు, వైద్యము, వార్ధక్యము: కారణములు త్రోసివేయదగినవి కావు. కాని పత్తి విత్తనమునకు నలుగురి నడిగి, ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించు జాగరూకుడు, పొలమమ్మిన సొమ్ముతో నిల్లు కొనునపుడు మాత్రము గోడల రంగును, గచ్చు నునుపును జూచి బయానా యిచ్చి వచ్చుచున్నాడు.

రిజిస్టరు దస్తావేజు చేతనున్న నిల్లు తనదే యని పెక్కుర నమ్మిక. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము దస్తావేజును నమోదు చేయునే కాని, అమ్మువానికి హక్కు కలదని పూచీపడదు. ఈ.సీ. సైతము అడిగిన కాలమున నమోదైన లావాదేవీలనే చూపును. నోటిమాటగా జరిగిన పంపకము అందు గానరాదు. 2005 సవరణచే ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమమగు హక్కు కలిగినది. "మా చెల్లెలు మంచిది, ఏమియు ననదు" అను మాట నామె సంతకమునకు బదులుగా స్వీకరించినవారు తరువాత కోర్టుమెట్లు లెక్కించుచున్నారు. జనరల్ పవర్ పత్రముపై జరుగు విక్రయము హక్కును సంక్రమింపజేయదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చినది. హక్కునకు పూచీ యిచ్చు నుద్దేశముతో 2023లో మన రాష్ట్రమున నమలునకు వచ్చిన భూహక్కుల చట్టము 2024లో రద్దయినది. కావున పరిశీలన భారము కొనువానిదే.

ఇక నేల. గుంటూరు, నరసరావుపేటల నుండి ఒంగోలు పరిసరముల వరకు పత్తిని, మిరపను విరివిగా పండించు నల్లరేగడి గోడలకు శత్రువు. వానకు నీరు త్రాగి యుబ్బును. వేసవిని నెఱ్ఱెలు వాఱి క్రుంగును. లోతు చాలని పునాదిపై నిలిచిన గోడ యేటేట పైకి క్రిందికి నాడి, ద్వారబంధముల మూలలనుండి యేటవాలుగా చీలును. ఇట్టి నేలలకై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఒక పునాదిని రూపొందించిరి. సుమారు పండ్రెండడుగుల లోతునకు రంధ్రము త్రవ్వి, అడుగున గంటవలె వెడల్పుచేసి, ఇనుము నిలిపి కాంక్రీటు పోయుదురు. ఆ లోతున తేమ ఋతువును బట్టి అంతగా మాఱదు గనుక ఇల్లు కదలదు. ఖర్చధికమని వెనుదీయువారు కలరు. పగిలిన గోడకు ఏటేట పూయు సిమెంటు ఖర్చును వారు లెక్కింపరు.

మా బంధువొకరు పట్టణపు శివారున క్రొత్త యిల్లు కొని, మూడవ యేట పడకటింటి తలుపు మూతపడకపోవుటచే వడ్రంగిని పిలిచిరి. వడ్రంగి తలుపును గాక గోడను జూపెను. పునాది యెంత లోతని యమ్మినవాని నడుగగా అతడు మేస్త్రీ పేరు చెప్పెను!

చీరాల, బాపట్లల వైపు ఇసుకనేల యుబ్బదు. అచటి భయములు వేఱు: బావులలో నుప్పునీరు, 1977 నవంబరు నాటి వంటి తుపానులు, పోటుగీత నుండి 500 మీటర్ల వరకు వ్యాపించిన తీరప్రాంత నిబంధనలు. అమ్మువాడు సముద్రపు గాలిని ధరలో కలుపును, వీనిని కలుపడు.

2014 తరువాత రాజధాని వార్తతో గుంటూరు చుట్టును స్థలముల ధరలు లేచినవి. 2019లో మూడు రాజధానుల మాటతో చప్పబడినవి. 2024లో మరల లేచినవి. నేడు కొననిచో రేపు దొరకదని తొందరపెట్టు దళారి ఈ పదేండ్లును అదే మాట పలికినాడు.

రేగడినేల నిల్లు జూచుటకు రోహిణీ కార్తె మంచి సమయము. అప్పటికి నెఱ్ఱెలన్నియు తెఱచుకొనియుండును. సున్నము క్రొత్తగా వేసియున్నచో ప్రక్క యింటివారి గోడల నడిగి చూడవచ్చును.