మీకు తెలుసా? వన్యప్రాణి చిత్రాల్లో వినిపించే ఆ గిట్టల చప్పుడు దుప్పిది కాదు!
మెదక్ జిల్లాలో పోచారం అభయారణ్యం ఉంది. ఒకప్పుడు నిజాముల వేటస్థలం, 1952 నుంచి అభయారణ్యం. అక్కడి దుప్పి మనిషి అలికిడికే చెవులు రిక్కించి పరుగెడుతుంది. అందుకే వన్యప్రాణి చిత్రాలను చాలా దూరం నుంచి టెలిఫొటో లెన్స్‌తో తీస్తారు.

బొమ్మ దగ్గరికొస్తుంది గానీ, అంత దూరాన గిట్టల చప్పుడు మైకుకు అందదు. దాన్ని తర్వాత స్టూడియోలో పుట్టిస్తారు. ఈ పనిని ఫోలీ అంటారు. గిట్టలకు కొబ్బరి చిప్పలు, గడ్డిలో నడకకు ఉండచుట్టిన పాత క్యాసెట్ టేపు, మంచులో అడుగులకైతే కస్టర్డ్ పౌడరు! తెలిశాక కాస్త మోసపోయినట్టే ఉంటుంది.

మీకూ వన్యప్రాణి చిత్రం తీయాలనుందా? కెమెరా కొనడం తర్వాత చూద్దాం. ముందు మీ ఊరి చెరువుగట్టున రోజూ ఒకే వేళకు కూర్చుని, ఒకే కొంగను పది నిమిషాలు ఫోనులో తీయండి. నీళ్లకు మరీ దగ్గరగా వెళ్లకండి, ఎగిరిపోతుంది.